మోకాలు మనది, ఎంపిక ఎవరిది?

"ముందు బరువు తగ్గి రా అమ్మా, ఆ తర్వాత చూద్దాం." మోకాళ్ళ నొప్పితో ప్రభుత్వాసుపత్రికి వెళ్ళిన లావుపాటి స్త్రీలలో ఈ మాట వినని వాళ్ళు అరుదు. అదే స్త్రీ అప్పో సప్పో చేసి కార్పొరేట్ ఆసుపత్రికి వెళితే అక్కడ వినపడే మాట వేరు. "మీ బరువుకి మామూలు కీలు ఆగదండీ, స్పెషల్‌ది వేయించుకోండి, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు." ఒకచోట ఆమె బరువు వైద్యం నిరాకరించడానికి సాకు. ఇంకోచోట అదే బరువు ఖరీదైన సరుకు అంటగట్టడానికి సాకు. తన శరీరం గురించి, అందులో బిగించబోయే వస్తువు గురించి ఆమెకు తెలియవలసిన విషయాలు మాత్రం రెండుచోట్లా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

మోకాళ్ళ నొప్పులు హక్కుల పత్రికలో సంపాదకీయానికి తగిన విషయమా అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. మన సంఘాల మీటింగులకు రావడం మానేసిన పెద్దవయసు కార్యకర్తలను ఒకసారి కారణం అడిగి చూడండి. జంపఖానా మీద కూర్చుంటే లేవలేక రావడం లేదని చెప్పేవాళ్ళు ఎంతమందో! మోకాలు పోయిన స్త్రీ బస్సు మెట్టు ఎక్కలేదు. పింఛను డబ్బులకు బ్యాంకు దాకా నడవలేదు. దొడ్డికి కూర్చోలేక నీళ్ళు తాగడం, తిండి తినడం తగ్గించుకుంటుంది. ఒకరి మీద ఆధారపడటం అక్కడ మొదలవుతుంది. ఆ తర్వాత ఇంట్లో ఆమె మాటకున్న విలువ కూడా నెమ్మదిగా తగ్గిపోతుంది. మోకాలి కీళ్ళ అరుగుదల పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ, ముట్లు ఆగిపోయిన తర్వాత మరీ ఎక్కువ. నాట్లు వేసిన, కలుపు తీసిన, బీడీలు చుట్టిన, గొంతుక్కూర్చుని అంట్లు తోమిన, బిందెలు మోసిన మోకాళ్ళివి. అవి అరిగిపోయింది మన ఇళ్ళకోసం, పొలాలకోసం.

ఇక బరువు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్న స్త్రీలు దేశం మొత్తం మీద నూటికి 24 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది, తెలంగాణలో 30 మంది. ఈ లెక్క 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళది మాత్రమే. మోకాళ్ళు అరిగేది ఆ వయసు దాటాక. అంటే మనం మాట్లాడుకుంటున్న స్త్రీలు ఈ లెక్కలోకే రాలేదు! పిల్లల్ని కనే వయసు దాటిన స్త్రీ సర్వేల కళ్ళకు ఆనకపోవడం కొత్త విషయమేమీ కాదు.

లావు అనగానే తిని కూర్చునే డబ్బున్న ఆడవాళ్ళు గుర్తుకొస్తారు చాలామందికి. బస్తీలకు వెళ్ళి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కూరలు, పప్పులు, పళ్ళు, గుడ్లు కొనలేనిచోట చవకగా కడుపు నింపేది రేషన్ బియ్యం. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం ఎవరు తింటారో మనకు తెలుసు. ఇరుకు గదిలో పన్నెండు గంటలు మిషను ముందు కూర్చుని బట్టలు కుట్టే స్త్రీ, చీకటి పడితే వీధిలో నడవడానికి భయపడే స్త్రీ, "రోజూ గంట నడవమ్మా" అనే సలహాను ఎక్కడ ఆచరించాలి? పైగా మోకాలు నొప్పి వల్లే నడక ఆగిపోయి, నడక ఆగినందువల్లే బరువు పెరిగిన వాళ్ళు ఎందరో. ఆ నొప్పి తీర్చకుండా నడవమనడం కాలు కట్టేసి పరిగెత్తమనడమే.

బరువుకు, మోకాలికి సంబంధం లేదని మేము అనడం లేదు. నడిచేటప్పుడు మోకాలిమీద పడే భారం ఒంటి బరువుకు రెండు మూడు రెట్లుంటుంది. మెట్లెక్కి దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలిమీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. తొడ ముందు కండరాన్ని బలపరిచే వ్యాయామం వల్ల నొప్పి తగ్గుతుంది. ఈమధ్య వారానికొకసారి వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజక్షన్‌తో బరువూ, మోకాలి నొప్పీ రెండూ తగ్గినట్టు 2024లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. అందులో పాల్గొన్నవాళ్ళలో అయిదింట నాలుగువంతులు స్త్రీలే. ఇవన్నీ ఆమెకు అందుబాటులోకి తెచ్చి, ఆ తర్వాత బరువు తగ్గమంటే అది వైద్యం అవుతుంది. ఏదీ అందించకుండా తగ్గి రమ్మంటే అది గెంటివేతే.

ఇలా నిరాకరించడానికి శాస్త్రం మద్దతుందా? ఎత్తు, బరువులను కలిపి లెక్కవేసే బీఎంఐ అనే కొలత ఒకటుంది. అయిదడుగుల స్త్రీ 70 కిలోలుంటే ఆమె బీఎంఐ 30, 93 కిలోలుంటే 40. బీఎంఐ 40 దాటితే ఆపరేషను వాయిదా వేసే విషయం ఆలోచించమని అమెరికాలో కీళ్ళ మార్పిడి సర్జన్ల సంఘం తరఫున ఒక బృందం 2013లో సలహా ఇచ్చింది. పదేళ్ళు గడిచాక, 2023లో, అదే సంఘం కీళ్ళవాత వైద్యుల సంఘంతో కలిసి మార్గదర్శకాలు ఇస్తూ ఫలానా బరువుకు దిగేదాకా ఆపరేషను ఆపవద్దని సూచించింది. బీఎంఐ కారణంగా ఎవరినీ సర్జన్ దగ్గరకు పంపకుండా ఉండవద్దని 2022లో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ కూడా చెప్పింది. ఎక్కువ బరువున్న వాళ్ళకు ఆపరేషను తర్వాత నొప్పి తగ్గడం, నడక మెరుగుపడటం మిగతావాళ్ళకు దాదాపు సమానంగానే ఉంటుందని తేలినందువల్లే ఈ మార్పు.

ప్రమాదాలున్నాయి. వాటిని దాచడం ఆ స్త్రీకి మేలు చేసినట్టు కాదు. బీఎంఐ 40 దాటిన వాళ్ళలో గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. కీలుకు చీము పడితే మళ్ళీ కోసి, పెట్టినదాన్ని తీసేయవలసి రావచ్చు. షుగరు అదుపులో లేకపోతే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే షుగరు అదుపులోకి వచ్చేదాకా ఆగమని అదే 2023 మార్గదర్శకాలు చెప్పాయి. "మీ షుగరు ఇంత ఉంది, ఇంతకు రావాలి, అందుకు ఈ మందులు" అని చెప్పి తేదీ ఇవ్వడం ఒకటి. "ఇంత లావుంటే ఎవరు కోస్తారు" అని నలుగురి ముందూ ఈసడించడం ఇంకొకటి.

ఇక్కడ కెనడాలో జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. ఒంటారియోలో ఒక పురుషుణ్ణీ ఒక స్త్రీనీ ఒకే విధమైన మోకాలి అరుగుదల, ఒకే రకం నొప్పి వర్ణనతో 71 మంది వైద్యుల దగ్గరకు పంపారు. పురుషుడికి మోకాలి మార్పిడి అవసరమన్న వైద్యులు నూటికి 67 మంది. స్త్రీకి అవసరమన్నది 33 మంది. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఉచితంగా వైద్యం అందే దేశంలోనే ఆడదాని నొప్పికి సగం విలువ! ఇక్కడ దానికి లావు, పేదరికం, కులం, వయసు కలిస్తే ఏమవుతుందో కొలవడానికి మనకు పరిశోధనలు లేవు. ఆసుపత్రి వరండాలు మాత్రం ఉన్నాయి.

సరే, ఆపరేషను చేస్తామన్నారు. ఏం పెడతారు? మన దగ్గర అందరూ మోకాలిచిప్ప మార్చడం అంటారు గానీ మార్చేది ప్రధానంగా చిప్ప కాదు. తొడ ఎముక చివర అరిగిన భాగం చెక్కి ఒక లోహపు తొడుగు వేస్తారు. కింది కాలి ఎముక పైభాగం చదును చేసి లోహపు పళ్ళెం బిగిస్తారు. రెంటికీ మధ్య మృదులాస్థి బదులు గట్టి ప్లాస్టిక్ దిమ్మ ఉంటుంది. చిప్ప వెనక ప్లాస్టిక్ బిళ్ళ వేయడమూ, వేయకపోవడమూ ఉంది. తొడుగు సాధారణంగా కోబాల్టు క్రోమియం మిశ్రమం. టైటానియం, ఆక్సీకరణం చేసిన జిర్కోనియం, బంగారు రంగు పూతలు ఖరీదు ఎక్కువైన రకాలు.

లావుపాటి స్త్రీకి పెట్టిన కీలు చెడిపోతే అందుకు ముఖ్యకారణాలు రెండు. ఒకటి చీము. రెండోది కింది పళ్ళెం ఎముకలో వదులై కుంగడం. లోహపు తొడుగు అరిగిపోవడం వల్ల కాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే "మీ బరువుకు బంగారు మోకాలు" అనే ప్రకటన విలువ ఎంతో అర్థమవుతుంది. బంగారు రంగు పూత చీమునూ ఆపదు, పళ్ళెం కుంగడాన్నీ ఆపదు. నికెల్ వంటి లోహాలు ఒంటికి పడనివాళ్ళకు ఆ పూతతో ప్రయోజనం ఉండవచ్చు. అటువంటి వాళ్ళు కొద్దిమందే. ఆక్సీకరణం చేసిన జిర్కోనియాన్ని, అదే నమూనా కోబాల్టు క్రోమియాన్ని పోలుస్తూ ఆస్ట్రేలియా జాతీయ రిజిస్ట్రీ నుంచి 17 వేలకు పైగా మోకాళ్ళ వివరాలు తీసి చూస్తే, పన్నెండేళ్ళ తర్వాత కూడా ఖరీదైనది ఎక్కువకాలం మన్నినట్టు కనపడలేదు.

'హై ఫ్లెక్స్' రకం సంగతీ అంతే. కింద కూర్చోవచ్చు, పద్మాసనం వేయవచ్చు అని ఆశ పెడతారు. పూజ, వంట, భోజనం నేలమీదే అలవాటైన మన స్త్రీలకు అది పెద్ద ఆశే. మామూలు దానికంటే దీనితో మోకాలు చెప్పుకోదగినంత ఎక్కువ వంగుతుందని పరీక్షల్లో తేలలేదు. లావుపాటి వాళ్ళలో తొడ వెనక కండ, పిక్క ఒకదానికొకటి తగిలి మోకాలు అక్కడే ఆగిపోతుంది. ఏ లోహం వేసినా ఆగేది అక్కడే.

స్త్రీల కోసమే ప్రత్యేకంగా చేశామంటూ 2006లో జిమ్మర్ అనే అమెరికన్ కంపెనీ ఒక మోకాలు తెచ్చి నేరుగా స్త్రీలకే ప్రకటనలు ఇచ్చింది. కొరియాలో కొందరు స్త్రీలకు ఒక మోకాలికి అదీ, రెండో మోకాలికి మామూలుదీ వేసి చూశారు. తేడా లేదు. స్త్రీ శరీరాన్ని వేరుగా చూడమని అడిగింది మనమే కదా అని ఒక డాక్టరు మిత్రుడు ఎద్దేవా చేశాడు. అడిగాం, ఇప్పుడూ అడుగుతున్నాం. అడిగినది అధ్యయనం. కంపెనీ ఇచ్చినది ప్రకటన.

మరి నిజంగా అడగదగిన ప్రశ్నలేమిటి? మన స్త్రీల ఎముకలు చిన్నవి. పాశ్చాత్యుల కొలతలతో చేసిన కీళ్ళలో మనకు సరిపోయేవి చిన్న సైజులు. అంటే 85 కిలోల భారం ఒక చిన్న పళ్ళెం మీద పడుతుంది. పళ్ళెం ఎముక అంచు దాటి బయటికి పొడుచుకొస్తే నొప్పి, ఎముక కంటే చిన్నదైతే కుంగే ప్రమాదం. కాబట్టి సైజుల మధ్య తేడాలు తక్కువగా ఉండి, ఎక్కువ సైజులు దొరికే రకం వాడుతున్నారా అన్నది లోహం రంగుకన్నా ముఖ్యమైన ప్రశ్న. పళ్ళేనికి కింద ఎముకలోకి దిగే కాడ కొంచెం పొడుగుగా ఉంటే బరువున్న వాళ్ళలో పట్టు మెరుగ్గా ఉంటుందని కొన్ని అధ్యయనాలు చూపాయి. "నాకు కాడ అవసరమా?" అని అడగాలి. సిమెంటుతో అతికిస్తారా, ఎముకే లోహంలోకి అల్లుకునే రకం వేస్తారా అని అడగాలి. బరువు మరీ ఎక్కువున్న వాళ్ళకు రెండోరకం మేలని కొందరు సర్జన్లు అంటున్నారు. కానీ దానికి ఎముక గట్టిగా ఉండాలి. చిన్నవయసులోనే గర్భసంచులు, వాటితోపాటు అండాశయాలు తీసేయించుకున్న స్త్రీలు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. వాళ్ళ ఎముకలు ముందే పలచబడి ఉంటాయి. గర్భసంచి పేరుతో ఒకసారి, మోకాలి పేరుతో ఇంకోసారి, ఒకే శరీరం మీద రెండు వ్యాపారాలు.

ఇంకొకటి. అరుగుదల మోకాలి లోపలివైపు మాత్రమే ఉంటే సగం కీలు మార్చడం సరిపోతుంది. కోత చిన్నది, కోలుకోవడం తొందర. 82 కిలోలు దాటిన వాళ్ళకు అది పనికిరాదని 1989లో అమెరికన్ సర్జన్లు ఇద్దరు పెట్టిన నియమాన్ని ఇప్పటికీ కొందరు పాటిస్తున్నారు. బరువువల్ల ఆ కీలు ముందే చెడిపోవడం లేదని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2013లోనే చూపారు. అయితే మొత్తం కీలుతో పోలిస్తే సగం కీలుకు రెండో ఆపరేషను అవసరమయ్యే అవకాశం ఎక్కువన్నది కూడా చెప్పాలి.

ధరల విషయంలో ఒక మంచి పని జరిగింది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాలి కీళ్ళకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అప్పటిదాకా సగటున 1,58,324 రూపాయలకు అమ్ముతున్న కోబాల్టు క్రోమియం కీలు 54,720కి దిగింది. రెండున్నర లక్షల దగ్గరున్న టైటానియం, జిర్కోనియం రకాలు 76,600కి వచ్చాయి. హై ఫ్లెక్స్ 56,490. రెండోసారి మార్చే కీలు 1,13,950. వీటిపై జీఎస్టీ అదనం. తర్వాత ఈ ధరలు కొంత సవరించినా నియంత్రణ పొడిగిస్తూ వచ్చారు. లక్షన్నర సరుకు యాభై అయిదువేలకు అమ్మినా కంపెనీలు మూతపడలేదంటే అంతకుముందు తీసుకున్నదంతా ఏమిటో ఆలోచించండి. కీలు ధరకు కళ్ళెం వేశారు గానీ గది అద్దెకు, థియేటరుకు, రోబో పేరుతో వేసే అదనపు బిల్లుకు వేయలేదు. రోబోతో కొలతలు కచ్చితంగా వస్తాయి, నిజమే. దానివల్ల కీలు ఎక్కువ ఏళ్ళు మన్నుతుందని ఇంకా రుజువు కాలేదు. కీలు ధర, బ్రాండు, తయారీదారు పేరు, బ్యాచి నెంబరు బిల్లులో విడిగా చూపాలని కూడా 2017 ఉత్తర్వులో ఉంది. ప్యాకేజీ అని ఒకే అంకె రాసి ఇచ్చే ఆసుపత్రిని ఈ ఉత్తర్వు చూపించి అడగవచ్చు.

సంతకం ఎవరు పెడతారు అన్నది అసలు మెలిక. లావుగా ఉన్న అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరు కొడుకుతో మాట్లాడతాడు. కొడుకు భార్య వంక చూస్తాడు. భూమి అమ్మాలా, అమ్మ గాజులు అమ్మాలా అన్న చర్చలో అమ్మకు ఏం కావాలో అడిగే సందు దొరకదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో, మత్తులో ఉన్న స్త్రీ తరఫున తల్లి ఇచ్చిన అంగీకారంతో గర్భసంచి తీసేయడం చెల్లదని చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు అంగీకారం రోగిదే అయి ఉండాలి. ఆ చికిత్సకు ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు కూడా ఆమెకు ముందే చెప్పాలి. మోకాలికీ ఇదే వర్తిస్తుంది. ఆపరేషను వద్దనుకునే హక్కు కూడా ఇందులో ఉంది.

పెట్టిన కీలు ఎన్నాళ్ళు మన్నుతుంది? నూటికి 82 కీళ్ళు పాతికేళ్ళు నిలుస్తున్నాయని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన తేల్చింది. అది రిజిస్ట్రీలున్న దేశాల లెక్క. స్వీడన్ 1975 నుంచి వేసిన ప్రతి మోకాలి వివరాలూ నమోదు చేస్తోంది. మన దేశంలో సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ స్వచ్ఛందం, ఇష్టమున్న వాళ్ళే వివరాలు పంపుతారు. దీని ఫలితమేమిటో తుంటి కీళ్ళ విషయంలో చూశాం. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డీప్యూ తయారు చేసిన ఏఎస్ఆర్ తుంటి కీలును లోపాలవల్ల 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లు దానితో జరిగాయి. పరిహారం లెక్కకట్టే నాటికి చాలామంది ఆచూకీయే దొరకలేదు. అటువంటి లోపం రేపు మోకాలి కీలులో బయటపడితే, చిరునామా మారిన ఒంటరి వృద్ధురాలిని ఎవరు వెతికి పట్టుకుంటారు?

ఆపరేషనుతో పని అయిపోదు. మొదటి ఆరు వారాల వ్యాయామమే ఆమె నడకను నిర్ణయిస్తుంది. ఫిజియోథెరపిస్టు ఇంటికొస్తే రోజుకింత అని ఇచ్చుకోవాలి. భర్తకు ఆపరేషను అయితే భార్య చేస్తుంది. భార్యకు అయితే? మూడోవారానికే పొయ్యి దగ్గర నిలబడ్డ స్త్రీల గురించి మన క్షేత్ర కార్యకర్తలు తరచు చెబుతుంటారు.

ఆయుష్మాన్ భారత్ పథకంలో మోకాలి మార్పిడి ఉంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ పథకం వర్తింపజేశారు. నాట్లేసిన స్త్రీ మోకాళ్ళు యాభైకే పోతాయి. ఇరవై ఏళ్ళు ఎలా ఆగాలి? వయసుతో, బరువుతో నిమిత్తం లేకుండా అవసరాన్ని బట్టి జిల్లా ఆసుపత్రుల్లో ఈ ఆపరేషను జరగాలని, బరువు తగ్గడానికి సాయం, ఫిజియోథెరపీ అక్కడే ఉచితంగా అందాలని, కీళ్ళ రిజిస్ట్రీ చట్టబద్ధం కావాలని మన సంఘాలు అడగాలి.

ఈలోగా ఒక చిన్న పని. గత అయిదేళ్ళలో మోకాళ్ళు మార్పించుకున్న స్త్రీలు మీ ప్రాంతంలో ఉంటే వాళ్ళ అనుమతితో బిల్లులు, డిశ్చార్జి కాగితాలు చూడండి. కీలు పెట్టె మీది స్టిక్కరు కేసు షీటులో అంటించి ఉండాలి, దాని నకలు ఆమె దగ్గర ఉందో లేదో చూడండి. లేకపోతే ఆసుపత్రి రికార్డు విభాగానికి రాతపూర్వకంగా అడిగించండి. బరువు కారణంగా వెనక్కి పంపిన వాళ్ళుంటే ఎవరు, ఏమని పంపారో తేదీతో సహా రాసుకోండి. పేర్లు తీసేసి ఆ వివరాలు మాకు పంపండి. అలాగే మీ జిల్లా ఆసుపత్రి ఆర్థోపెడిక్ వార్డులో కమోడ్ ఉన్న మరుగుదొడ్డి ఎన్ని మంచాలకు ఒకటుందో కూడా లెక్కపెట్టి రాయండి.